వరదమ్మ కోరిన తేలు

తమ్ముడు కృష్ణమూర్తి వస్తాడని వరదమ్మ పొద్దన్నించి పంచలోనే కాచుకోనుండింది. పాకాల బస్సు దిగి, చేని గట్ల మీద నడిచి అతను ఇల్లు చేరేసరికి ఎండ నెత్తి మీదికొచ్చింది. తిరుపతి నుంచి ఒళ్లో పెట్టుకోని తెచ్చిన గుడ్డసంచిని రెండు చేతులతో పట్టుకోనున్నాడు. అందులోంచి ఒక గాజు తొట్టి తీసి తిన్నె మీద పెట్టినాడు. తొట్టిలో తడి ఎర్రమన్ను, మన్ను మీద విరిగిన పెంకు ముక్క. పుల్లతో పెంకును పక్కకు జరిపేసరికి కింద మండ్రగబ్బ, ఆ పెద్ద నల్లతేలు, కనపడింది. అరచెయ్యంత ఉంది. తారు పూసినట్టు నల్లగా మెరుస్తా, ముందరి పటకార్లు రెండూ నేలకానించి, ఏ కదలికా లేకుండా పడుంది.

వరదమ్మ వెనక్కి జరగలేదు. అది ఆమెకే వింతగా తోచింది. పోయిన కార్తీకం నుంచి ఆమె కాలు కింద పెట్టాలంటే ముందు నేలను చూసుకునేది. చీర కట్టుకునే ముందు మూడు మాట్లు దులిపేది. కట్టెల కుప్ప దగ్గరికి పోలేక దారిన పొయ్యేవాళ్లను పిలిచి నాలుగు కట్టెలు ఇయ్యమని అడిగేది. పడుకుంటే పెంకుల్లో ఏది గరగరమన్నా లేచి కూచునేది. ఒక్కగానొక్క బిడ్డను తేలుకు పోగొట్టుకున్న తల్లి అట్లా కాక ఎట్లా ఉంటాదని ఊరు అనుకునింది. కృష్ణమూర్తి మాత్రం ఇట్లయితే అక్క మిగలదని భయపడినాడు. అతను తిరుపతిలో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవాడు. కాలేజీలో తేళ్ల మీద పనిచేసి చేసి, వాటి మీద మక్కువ పుట్టి, బాడుగ గదిలో కూడా రెండు తొట్లు పెట్టుకోనున్నాడు. ఒక తేలును దగ్గర పెట్టుకొని రోజూ చూస్తా మేత వేస్తా ఉంటే భయం తనంతట తానే సడలుతుందని, సంక్రాంతి నెలలో వచ్చినప్పుడు అక్కతో చెప్పినాడు. ఆమె వెంటనే సరేననింది. అయితే ఎర్రది తెమ్మనింది.

"నేను ఎర్రది గదరా అడిగినా," అనింది ఇప్పుడు వరదమ్మ, తొట్టిలోకి చూస్తా.

"ఎర్రది నేను తేను అక్కా. కొత్తగా పెంచేవాళ్లు దాని జోలికి పోకూడదు. మొదలుపెట్టేదానికి దీన్ని మించింది లేదు. సూసేదానికి బూతం మాదిరి ఉంటాది గానీ వట్టి నిదానం. తడి మన్ను, ఒక పెంకు, దూది మీద ఇన్ని నీళ్లు. వారానికొక బొద్దింక వేస్తే చాలు, ఏండ్ల తరబడి బతుకుతాది."

"కుడితే?"

"కుడితే ఏముంది, నిన్ను కుట్టింది గదా ముందేడు. తేనెటీగ కుట్టినట్టు మండుతాది, మాపటికి పోతాది."

పంచ ఆ చివర మునిరామయ్య కూచోని గుద్దలికి కట్టెపిడి కామ వేసి రాయితో దిగ్గొడతా ఉండినాడు. వరదమ్మ మొగుడు. బామ్మర్ది వచ్చినందుకు "ఎప్పుడు బయల్దేరినావప్పా" అని ఒక మాట అడిగి, మళ్లీ పనిలో పడినాడు.

కృష్ణమూర్తి పుల్లతో తేలు పటకార్లను చూపించినాడు. చెప్పడం మొదలుపెడితే అతనికి క్లాసులో ఉన్నట్టే ఉంటుంది.

"తేలును సూడంగానే ముందు ఈ పటకార్లు సూడాల, తరవాత తోక సూడాల. పటకార్లు లావుగా ఉండి తోక సన్నంగా ఉందనుకో, దాని బలమంతా చేతుల్లోనే. పట్టుకోని నలిపి తింటాది, విషంతో దానికి పని తక్కువ. అదే పటకార్లు సన్నంగా ఉండి తోక లావుగా ఉంటే, దాని బతుకుతెరువే ఆ కొండి. ఎర్రది అట్టాంటిది. చిటికెన వేలంత ఉంటాది. సూస్తే ఎవురికీ లెక్కుండదు. చిన్న తేలు, చిన్న నొప్పి అనుకుంటారు. నిజానికి..."

గుద్దలి మీద రాయి చప్పుడు ఆగిపోయింది.

కృష్ణమూర్తి అప్పుడు తలెత్తినాడు. బావ ఉన్నాడన్న సంగతి అప్పుడు తట్టింది అతనికి. నాలుక కొరుక్కొని, పుల్లను మన్నులో గుచ్చినాడు.

బిడ్డ పోయిన పొద్దు జరిగిందాన్ని గురించి ఆ ఇంట్లో ఎవరూ నోరు తెరిచింది లేదు. అంతకు ముందేడు కట్టెల కుప్పలో చెయ్యి పెట్టినప్పుడు వరదమ్మను మండ్రగబ్బ కుట్టింది. దాని ఆకారం చూసి ఊరు ఊరంతా గోల పెట్టింది. ఊళ్లో తేలుకాట్లకు మంత్రం వేసే చిన్నబ్బ వచ్చి ఆకు పసరు పూసినాడు. పొద్దు గుంకేసరికి నొప్పి తగ్గింది, రాత్రికి ఆమే లేచి సంగటి గెలికింది. అది అందరికీ గుర్తుండిపోయింది. పోయిన కార్తీకంలో చెనిక్కాయలు పెరికి కళ్లంలో కుప్ప వేసి, ఇంటిల్లిపాదీ కాయలు ఒలస్తా ఉంటే, రెండో తరగతి చదివే పంకజాక్షి "అమ్మా, కాలు మండతా ఉండాది" అనింది. మునిరామయ్య తీగెలు ఎత్తి చూసినాడు. పసుపు ఎరుపు కలిసిన చిన్న తేలు. చెప్పుతో కొట్టి, పుల్లతో ఎత్తి బిడ్డకు చూపించినాడు.

"ఇంతే సూడు. మీ అమ్మను కుట్టిందాంట్లో పావు లేదు. మాపటికి తగ్గిపోతాది. ఏడవబాక."

అప్పుడే రోడ్డు మీద తిరుపతి బస్సు పోతా ఉంది. వరదమ్మ లేచి నిలబడి, ఆపుదామా అనింది. ఇంత తేలు కుట్టిందానికి తిరుపతి యాడ, మబ్బు పట్టుండాది, కాయలు తడిస్తే ఏంగాను అన్నాడు అతను. చిన్నబ్బ వచ్చి మంత్రం వేసినాడు. బిడ్డ గట్టిగా ఏడవను కూడా లేదు. గౌను తడిసిపోయేంత చెమట పట్టింది, కక్కుకునింది, చలి చలి అనింది. మునిరామయ్య దుప్పటి తెచ్చి కప్పినాడు. విషం దిగతా ఉంది, అందుకే ఈ చెమట అన్నాడు చిన్నబ్బ. పెదాల దగ్గర నురగ కనపడినాక గానీ ఎవరికీ కాళ్లు కదల్లేదు. బెల్లం లారీ ఆపి ఎక్కించుకొని పోతా ఉంటే, చంద్రగిరి దాటినాక, తల్లి ఒళ్లోనే బిడ్డ అయిపోయింది.

అప్పటి నుంచి వరదమ్మ మొగుణ్ని ఒక్క మాట అనలేదు. అన్నం పెట్టేది, నీళ్లు తోడేది, అడిగినదానికి బదులు చెప్పేది. అతనేమో తనకు తెలియక జరిగిందని, ఆ తేలు మామూలు తేలు కాదని, ఏదో దోషముండి బిడ్డ పోయిందని మనసుకు చెప్పుకుంటా వచ్చినాడు. ఎర్రవి అన్నీ అట్లాంటివేనని, తెలిసినవాళ్లకు చూడంగానే తెలుస్తుందని అతను వినడం ఇదే మొదటిసారి.

అతను ఇదే మొదట వింటా ఉన్నాడని వరదమ్మకు తెలుసు. మొగుడి వైపు చూడకుండా తమ్ముణ్ని అడిగింది.

"అయితే నల్లది కుట్టుంటే బిడ్డకేం అయ్యుండదు."

"అక్కా, ఇప్పుడెందుకులే."

"అడిగినదానికి చెప్పురా."

"అయ్యుండదు," అన్నాడు కృష్ణమూర్తి.

"ఎర్రదని తెలుసుకోని ఆ బస్సు ఎక్కించుంటే?"

మునిరామయ్య గుద్దలిని గోడకు ఆనించి, తువ్వాలు భుజాన వేసుకొని బావి మోటారు దగ్గరికి పోయినాడు. ఆ పొద్దు అన్నానికి రాలేదు. వరదమ్మ తమ్ముడికి పెట్టింది, తాను తినింది. తింటా ఉంటే ముద్ద రుచిగా తోచింది ఆమెకు. బిడ్డ పోయినాక రుచి తెలియడం అదే. ఎందుకు తెలిసిందో కూడా ఆమెకు తెలుసు. అది తెలిసి తనమీద తనకే జడుపు పుట్టింది.

మండ్రగబ్బ ఆ ఇంట్లో కుదురుకునింది. కృష్ణమూర్తి చెప్పినట్టే వరదమ్మ దూది తడిపి పెట్టేది, రుబ్బురోలు వెనక బొద్దింకను పట్టి వేసేది. బొద్దింక తనంతట తాను దగ్గరికి వచ్చిందాకా అది కదిలేది కాదు. వచ్చినాక రెండు పటకార్లతో అదుముకొని, తీరుబడిగా, గుమ్మంలో కూచుని వక్క నమిలే ముసలామె మాదిరి తినేది. కొండి ఎత్తడం కూడా అరుదు. రానురాను వరదమ్మకు జడుపు తగ్గింది. మూలమూలకూ చీపురు పెట్టి కసువు చిమ్మింది. కట్టెలు తానే తెచ్చుకునింది. పక్కింటి దేవకమ్మ మాత్రం ఆ తొట్టి చూసి, లోపలికి రావడం మానుకొని వాకిట్లోంచే మాట్లాడి పోయేది.

"నీకేం పట్టిందే వరదా, బిడ్డను తిన్నదాన్ని తెచ్చి సాకుతా ఉండావు," అనింది ఒకనాడు.

"బిడ్డను తిన్నది ఇది కాదక్కా," అనింది వరదమ్మ.

ఆ మాట అన్నాక ఆమెకు మండ్రగబ్బ మీద ఇష్టం పోయింది. మేత వేసేది గానీ దాన్ని చూస్తా కూచోవడం మానేసింది. అది పాపం ఏమీ చెయ్యనిది. దాన్ని చూసి ఏం చేసుకోవాల?

ఉగాది పోయినాక ఎండలు ముదిరినాయి. కృష్ణమూర్తి పరీక్షల పనిలో పడి రావడం లేదు. ఒకనాడు మునిరామయ్య చేనికి పోయినాక వరదమ్మ పొయ్యి దగ్గరి పటకారు తీసుకొని కళ్లం గట్టు దగ్గరికి పోయింది. మట్టి లేకుండా పేర్చిన రాతి గట్టు అది. రాళ్లు ఒక్కొక్కటే తిరగేస్తా పోయింది. ఎండ వీపు మీద కాలుస్తా ఉంటే పైట నెత్తిన వేసుకునింది. నల్లవి లేవు, జెర్రులు ఉన్నాయి. గట్టు సగం దాటినాక ఒక పలక రాయి కింద అది కనపడింది. పసుపు ఎరుపు కలిసిన రంగు, సన్నటి పటకార్లు, లావుపాటి తోక. వెలుతురు పడేసరికి కాగితం గాలికి కదిలినట్టు చివుక్కున పరిగెత్తింది. మండ్రగబ్బ మాదిరి నిలబడి చూసే రకం కాదు. రెండు తూర్లు తప్పించుకొని మూడో తూరి పటకారుకు చిక్కింది. తోక నడుమ పట్టి, తెచ్చిన హార్లిక్స్ సీసాలో వదిలింది. అడుగున పొడి ఇసక, ఒక బెరడు ముక్క ముందే వేసుకొని పోయింది. మూతకు మేకుతో బొక్కలు కూడా కొట్టి పెట్టుకునింది.

సీసాను తెచ్చి నడవలో గూట్లో పెట్టింది. అన్నానికి కూచుంటే మునిరామయ్యకు ఎదురుగా ఉండే గూడు అది.

మధ్యాహ్నం అతను కాళ్లు కడుక్కొని వచ్చి పీట మీద కూచున్నాడు. ముద్ద కలిపి తలెత్తినాడు. చూసినాడు. వరదమ్మ ఊరిబిండి పచ్చడి వడ్డిస్తా అతని చేతినే చూసింది. ముద్ద నోటిదాకా పోయి, కొంచెంసేపు ఆగి, నోట్లోకే పోయింది. నమిలినాడు. ఏమిటని అడగలేదు. ఎందుకని అడగలేదు. చెయ్యి కడుక్కొని పోయినాడు.

మరుసటి రోజు అతను పీటను గోడ పక్కకు తిప్పుకొని గూటికి వీపు చేసి కూచున్నాడు. ఆ మరుసటి రోజు వరదమ్మ సీసాను ఆ గోడకున్న బల్ల మీదికి మార్చింది. తరవాత అతను పీట తిప్పుకోవడం మానేసినాడు. ఎదురుగా అది, కింద అన్నం, పక్కన ఆమె. ఎండాకాలమంతా అట్లా జరిగింది. అతని మెడ కింద ఎముకలు బయటపడినాయి. ఊళ్లోవాళ్లు ఏమబ్బా ఇట్టా చిక్కిపోయినావంటే, ఎండలప్పా అనేవాడు. ఒక్క మాటంటే తాను ఆ సీసా తీసి పారేస్తానని వరదమ్మ అనుకునేది. తీసెయ్యమని అడిగినా చాలు, తిట్టినా చాలు. అతను అనలేదు. అనకపోయేకొద్దీ ఆమెకు పట్టుదల పెరిగింది.

ఎండలు తగ్గి తొలకరి మబ్బులు కనపడినప్పుడు కృష్ణమూర్తి వచ్చినాడు. నడవలోకి అడుగుపెట్టి సీసా చూసి మొగం మాడ్చుకున్నాడు.

"ఇదెవురు తెచ్చినారు?"

"నేనే పట్టుకొచ్చినా."

"అక్కా, నా మాట ఇను. కాలేజీలో ఇరవై ఏండ్లు పనిచేసినోళ్లు కూడా దీని మూత ఊరికే తియ్యరు. దీన్ని సాకేదానికి ఇల్లు కాదు చోటు. నాకియ్యి, తీసకపోతా. నీకు భయం పోయింది గదా, ఇంక నల్లది కూడా అక్కర్లేదు."

"నాకు భయం పోవాలని కాదురా. అది కనపడతా ఉండాల."

"ఎవురికి?"

కృష్ణమూర్తి ఆమెనూ, ఎదురు గోడనూ, పీటనూ చూసినాడు. అతనికి అర్థమయ్యింది. బయటికి పోయి, ఎద్దులకు నీళ్లు పెడతా ఉన్న బావ దగ్గర నిలబడినాడు. వాకిట్లో మాటలు వరదమ్మకు లోపలికి వినపడినాయి.

"బావా, దాన్ని బయట పారెయ్యి. అక్క ఇనదు. నువ్వన్నా ఆ పని చెయ్యి."

"ఉండనీలేప్పా."

"అట్ట కాదు..."

"ఆమె పెట్టుకునింది. ఉండనీ," అన్నాడు మునిరామయ్య. ఎద్దు మూతి తొట్టిలో పెట్టి తాగే చప్పుడు లోపలికి వినపడింది.

ఆషాఢంలో మంచి వాన పడింది. ఊరంతా చెనిక్కాయ విత్తనానికి చేలల్లో ఉంది. ఒకనాటి పొద్దన మునిరామయ్య అరకకు బయల్దేరతా ఉంటే, వరదమ్మ బల్ల మీది సీసాలో మేత వెయ్యబోయి ఆగిపోయింది. బెరడు ముక్క మీద తేలు ఉంది గానీ దాని వీపు కనపడలేదు. వీపంతా తెల్లగా ఉంది. బియ్యం గింజలు అతికించినట్టు, ఒకదాని మీద ఒకటి ఎక్కి. కళ్లు దగ్గరికి పెట్టి చూసింది. గింజలకు కాళ్లు ఉన్నాయి. దారప్పోగుల్లాంటి తోకలు ఉన్నాయి. ఒకటి జారి ఇసక మీద పడింది. తల్లి తేలు ముందుకు పోలేదు. పటకారును మెల్లగా దాని పక్కన దించింది. జారింది పటకారు పట్టుకొని పాకి మళ్లీ వీపెక్కింది.

వరదమ్మ బల్ల పట్టుకొని నిలబడింది. పంకజకు మూడేండ్లు వచ్చిందాకా తాను చంక దించలేదు. చెరువు కట్టకు పోయినా, అంగడికి పోయినా, కలుపుకు పోయినా చంకలోనే.

"ఏమయ్యా, ఇట్టా రా," అనింది.

ఎన్ని నెలలకో ఆమె తనంతట తాను పిలిచింది. మునిరామయ్య చెర్నాకోల వాకిట్లో వేసి లోపలికొచ్చినాడు. ఆమె సీసా చూపించింది. అతను వంగి చూసినాడు. అతని ఊపిరికి గాజు మసకబారింది. తువ్వాలుతో తుడిచి మళ్లీ చూసినాడు.

"మోస్తా ఉండాది," అన్నాడు.

"మోస్తా ఉండాది."

వరదమ్మకు ఏడుపొచ్చింది. పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకునింది. మునిరామయ్య చెయ్యి ఆమె భుజం దాకా వచ్చి, భుజాన్ని తాకకుండానే దిగిపోయింది. అతను అరకకు పోయినాడు. వరదమ్మ సీసా మీద తడిగుడ్డ కప్పింది. కృష్ణమూర్తికి కబురుపెట్టి, వచ్చి తీసకపొమ్మని చెప్పాలనుకునింది. తాను మొగుణ్ని ఏం చేస్తా వచ్చిందో ఆమెకు ఆ పొద్దంతా కనపడతానే ఉంది. రాత్రికి చెప్పాలనుకొని చెప్పలేకపోయింది. రేపు చెబుదామనుకునింది.

రేపటికి ఆమె పొద్దన్నే బట్టలు ఉతకను బావికి పోయింది. తిరిగొచ్చేసరికి అరక వాకిట్లోనే ఉంది, ఎద్దులు కట్టుగొయ్యకే ఉన్నాయి. మునిరామయ్య నడవలో పీట మీద కూచోనున్నాడు. సీసా మీది గుడ్డ మడిచి పక్కన పెట్టుంది. మూత బిగించే ఉంది, మూత మీద ఇటికరాయి కూడా పెట్టుంది. అతను ఎడమ చేత్తో కుడి మణికట్టును పట్టుకోనున్నాడు.

"కుట్టించుకున్నా," అన్నాడు.

ఆమె చేతిలో తడిబట్టల తట్ట జారింది.

"మూత బాగా బిగించినా, నువ్వేం బయపడబాక. పిల్లలు గూడా ఒక్కటీ బయటికి రాలేదు."

"ఎందుకు చేసినావు?"

"ఎట్టుంటాదో తెలుసుకుందామని. నాకు తెలియాల గదా."

వరదమ్మ వీధిలోకి పరిగెత్తింది. రోడ్డు మీద పాలవ్యాను క్యాన్లు ఎక్కించుకుంటా ఉంది. డ్రైవరు కాళ్లకు అడ్డం పడింది. దేవకమ్మ మొగుడు దామోదరమూ, ఇంకొకరూ మునిరామయ్యను చెరొక రెక్క పట్టుకొని తెచ్చి వెనక క్యాన్ల నడుమ కూచోబెట్టినారు. చిన్నబ్బ ఇంటి ముందరే పోయింది వ్యాను. అతను బయటికొచ్చి చెయ్యెత్తినాడు. ఎవరూ ఆపమనలేదు.

దారి పొడుగునా మునిరామయ్య మాట్లాడతానే ఉన్నాడు. అంత మాట్లాడింది ఆమె ఎప్పుడూ చూసి ఉండలేదు. చెయ్యి నిప్పుల్లో పెట్టినట్టుందన్నాడు. తరవాత నాలుక మందమైందన్నాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది, నుదుటి మీంచి చెమట కంట్లోకి కారతా ఉంది. పాలక్యాను మీదికి వాలి కక్కుకున్నాడు.

"సలి," అన్నాడు పళ్లు కొట్టుకుంటా ఉంటే. "ఎండలో గూడా సలి. బిడ్డ సలి సలి అనింది గదా, ఇదే అది. నేను జడుసుకునిందేమో అనుకున్నా. దుప్పటి కప్పినా. దుప్పటికి పొయ్యే సలి కాదు ఇది."

"మాట్లాడబాక, ఊపిరి తీసుకో."

"గుండె ఎట్లా కొట్టుకుంటా ఉండాదో సూడు. చెయ్యి పెట్టి సూడు."

ఆమె చెయ్యి పెట్టింది. ఎముకల కింద అది పరిగెత్తతా ఉంది. పెట్టిన చెయ్యి తియ్యకుండా అతని తల ఒళ్లోకి తీసుకునింది. వ్యాను చంద్రగిరి కోట పక్కనే పోయింది. ఆమె అటువైపు చూడలేదు.

తిరుపతి ఆసుపత్రిలో వెంటనే లోపలికి తీసుకున్నారు. ఏం కుట్టిందని అడిగితే వరదమ్మ ఎర్రతేలు అనింది. చిన్నదని ఎవరూ అనలేదు. సూదులు వేసినారు, ముక్కుకు గొట్టం పెట్టినారు. సాయంత్రానికి ఆయాసం ముదిరింది, దగ్గితే గులాబీరంగు నురగ వచ్చింది. అది చూసి వరదమ్మ మంచం కోడు పట్టుకొని నేల మీద కూలబడింది. కాలేజీ నుంచి పరిగెత్తుకొచ్చిన కృష్ణమూర్తి అక్కను వరండాలోకి తీసకపోయినాడు. అతను కూడా ఏడ్చినాడు. నేనే ఆ ఎర్రదాని సంగతి చెప్పకుండా ఉండుంటే అన్నాడు. వరదమ్మ తల అడ్డంగా ఊపింది.

"నువ్వు నల్లదాన్నే ఇచ్చినావు. ఎర్రది నేను తెచ్చుకున్నా."

మునిరామయ్య చావలేదు. బతికింది తొందరగా తెచ్చినందుకేనని పెద్ద డాక్టరు చెప్పినాడు. పెద్దవాడు గాబట్టి తట్టుకున్నాడు, అయినా గుండె కండరం దెబ్బతినింది, ఇక బరువు పనులు లేవన్నాడు. తొందరగా తెచ్చినందుకే అన్న మాట విన్నాక ఆలుమొగుళ్లు ఒకరి మొగం ఒకరు చూసుకోలేదు.

ఆసుపత్రిలో ఉండగా ఒక పూట వరదమ్మ బట్టలకోసం ఇంటికి వచ్చింది. ఎద్దుల్ని దేవకమ్మ చూసుకుంటా ఉంది. నడవలో మూత మీద ఇటికరాయి అట్లాగే ఉంది. సీసాలో తల్లి వీపు మీద తెల్లటివి కొన్నే మిగిలినాయి. చెదిరితే, ఆకలైతే తల్లే పిల్లల్ని తినేస్తుందని కృష్ణమూర్తి అంతకు ముందు ఎప్పుడో చెప్పి ఉన్నాడు. ఇసకలో ఒక చిన్న తోక కనపడింది. ఆమె పొయ్యి రాజేసింది. తపేలాలో నీళ్లు తెరిలేదాకా నిలబడింది. మూత తీసి నీళ్లు పోసింది. కోపంతో పోయలేదు, కసి కూడా లేదు. ఇంట్లో ఎర్రతేలు ఉంటే చంపాలి కాబట్టి చంపింది. మండ్రగబ్బ తొట్టిని చేని కాలవ మడవ దగ్గరికి తీసకపోయి పక్కకు వంచింది. అది బయటికి రావడానికి చాలాసేపు తీసుకునింది. వచ్చి, తడి గట్టు కిందికి దూరిపోయింది.

తిరిగి ఆసుపత్రికి పోయినాక మునిరామయ్య అడిగినాడు.

"అది యాడుండాది?"

"చంపేసినా."

"పిల్లల్ని గూడా?"

"పిల్లల్ని గూడా."

అతను కళ్లు మూసుకున్నాడు.

ఆ ఏడు విత్తనం పూర్తి కాలేదు. తరవాతి ఏటికి చేను కోరుకు, పంటలో వాటాకు, ఇచ్చేసినారు. మునిరామయ్య పంచలో కూచునేవాడు, ఎద్దులకు గడ్డి వేసేదానికి మాత్రం లేచేవాడు, నాలుగడుగులు గబగబా వేస్తే రొప్పేవాడు. ఇంట్లో మాటలు మళ్లీ మొదలైనాయి. అయితే వేరే సంగతులేవీ మాట్లాడుకునేవాళ్లు కాదు. మధ్యాహ్నం పూట ఆమె చాట ముందర పెట్టుకొని బియ్యంలో రాళ్లు ఏరతా ఉన్నట్టుండి అడిగేది.

"కాలు మండిందని అనింది గదా. ఆ మంట పైకి ఎంతసేపటికి వచ్చుంటాది?"

అతను తన చేతిని చూసుకుంటా చెప్పేవాడు. మోచెయ్యి దాటింది ఎప్పుడో, చంకలోకి వచ్చింది ఎప్పుడో, చెమట పట్టింది ఎప్పుడో. ఆమె వినేది. చెప్పిందే మళ్లీ చెప్పమనేది. అడగడం ఆమెకు నరకం, చెప్పడం అతనికి నరకం. ఇద్దరిలో ఎవరూ మానలేకపోయినారు. బిడ్డ చెప్పలేకపోయింది ఇదంతా. ఎవరన్నా చెప్పాల.

"కడుపులో తిప్పినట్టు ఉన్నాక?"

"సలి."

"సలి అయినాక?"

"గుండె కొట్టుకునేది ఇనపడింది. సెవుల్లో ఇనపడింది."

"ఆ తరవాత?"

మునిరామయ్య ప్రతిసారీ అక్కడే ఆగేవాడు.

"ఆ తరవాతది నాకు తెల్దు వరదా," అనేవాడు. "నాకు సూది వేసినారు."